టూలూజ్‌లో సైకిలుతో ఒంటరిగా దిగినప్పుడు: మొదటి రోజును ఎలా దాటాలి

దక్షిణ ఫ్రాన్సులో సైకిలు యాత్ర అనగానే మనసు నేరుగా దారి మీదకు వెళ్ళిపోతుంది. కాలువ గట్టు, చెట్ల నీడ, ద్రాక్షతోటలు కళ్ళ ముందు మెదులుతాయి. దారి గురించి ఎంతో చదువుకుంటాం, దిగే రోజు గురించి మాత్రం ఏమీ ఆలోచించం. ఒంటరిగా వెళ్ళినవారి యాత్ర ఎక్కువగా దెబ్బతినేది ఆ రోజునే. నిద్ర లేదు, చేతిలో మనిషంత అట్టపెట్టె, చుట్టూ తెలియని భాష. కాసేపు పెట్టె పట్టుకోమని చెప్పడానికి పక్కన మనిషి లేడు. అందుకని ఇక్కడ యాత్ర మొత్తం చెప్పడం లేదు. బయలుదేరే ముందు చేయవలసిన పనుల నుంచి, కాలువ గట్టు మీద మొదటి రోజు తొక్కేదాకా చెబుతాను. తరువాత దారే మీకు నేర్పుతుంది.

ముందుగా ఎక్కడ దిగాలో తేల్చుకోండి

నీస్, మార్సెయ్, మోంపెలియే, టూలూజ్ అన్నిటికీ విమానాశ్రయాలున్నాయి. మొదటిసారి ఒంటరిగా వెళ్ళేవారికి నేను టూలూజ్ అనే చెబుతాను. కనాల్ ద్యు మిదీ అనే కాలువ ఆ ఊళ్ళోనే మొదలై 240 కిలోమీటర్లు సాగి, సెత్ పట్టణం దగ్గర మధ్యధరా తీరాన ఉన్న “తో” అనే ఉప్పుకయ్యలో కలుస్తుంది. దారిలో పెద్ద ఎత్తులు లేవు, గట్టు మీద మోటారు వాహనాల రద్దీ లేదు. కాస్తెల్నోదారి, కార్కసోన్, బెజియే వంటి ఊళ్ళను కలుపుతూ రైలు మార్గం కూడా అదే దిక్కుగా వెళుతుంది. ఒంట్లో బాగాలేకపోయినా, వాన పట్టుకున్నా దగ్గరలోని స్టేషనుకు వెళ్ళి రైలెక్కవచ్చు. ఒంటరి మనిషికి ఇంతకంటే పెద్ద ధైర్యం లేదు.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో పెరిగినవారికి ఈ కాలువ వెంటనే దగ్గరవుతుంది. మన లాకులే అక్కడా కనిపిస్తాయి. పడవను గదిలోకి తెచ్చి, తలుపులు మూసి, నీరు నింపి పైకి ఎత్తుతారు. ధవళేశ్వరం ఆనకట్టకు దాదాపు రెండు వందల ఏళ్ళ ముందు, 1666లో పద్నాలుగో లూయీ అనుమతితో పియెర్ పోల్ రికే అనే ఉప్పు పన్ను వసూలుదారు ఈ పని తలకెత్తుకున్నాడు. 1681లో కాలువ తెరిచారు. దానికి కొన్ని నెలల ముందే ఆయన కన్నుమూశాడు. 1996లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మే, జూన్, సెప్టెంబరు నెలలు మంచివి. జులై, ఆగస్టుల్లో ఎండ మన వేసవిని తలపిస్తుంది, బసలూ త్వరగా నిండిపోతాయి. దిగే వారం విషయంలోనూ జాగ్రత్త పడండి. మంగళవారం నుంచి శుక్రవారం లోపు దిగేలా టికెట్టు తీసుకోండి. ఆదివారం దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి, సోమవారం కూడా చాలా సైకిలు దుకాణాలకు సెలవు. శనివారం రాత్రి దిగి, పెట్టె తెరిచేసరికి ఏదో భాగం వంగి ఉంటే, మంగళవారం దాకా చేతులు కట్టుకుని కూర్చోవలసి వస్తుంది.

వీసాకు ప్రణాళిక, మీకు వెసులుబాటు

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి షెంగెన్ వీసా తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. పెద్దలకు రుసుము 90 యూరోలు, దరఖాస్తు కేంద్రం సేవా రుసుము దానికి అదనం. కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. ఆ బీమా సైకిలు తొక్కేటప్పుడు జరిగే ప్రమాదాలకు కూడా వర్తిస్తుందో లేదో పత్రం చదివి చూసుకోండి.

సైకిలు యాత్రికులకు చిక్కంతా బస దగ్గర వస్తుంది. ప్రతి రాత్రి ఎక్కడ ఉంటారో వీసా అధికారులకు చూపాలి. మీకేమో ఏ రోజు ఎంత దూరం తొక్కగలరో ఇంకా తెలియదు. రోజుకు 40 కిలోమీటర్లకు మించకుండా నిజంగా తొక్కగలిగే ప్రణాళిక వేసుకుని, ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న బసలు తీసుకోండి. ఒంటరిగా ఎందుకు వెళుతున్నారో, ఏ దారిలో వెళతారో, సైకిలు మీదా అద్దెదా అన్నది ఒక పేజీ ఉత్తరంలో రాసి జత చేయండి. ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు.

సొంత సైకిలా, అద్దెదా? వారం రోజులకైతే అద్దెదే మేలు. అంతకు మించితే మీ శరీరానికి అలవాటైన సైకిలే తీసుకెళ్ళండి. అద్దె సైకిలు తీసుకుంటే ఒకటి గుర్తుంచుకోండి. మన దగ్గర సాధారణంగా కుడి చేతి బ్రేకు ముందు చక్రానిది. ఫ్రాన్సులో ముందు చక్రం బ్రేకు ఎడమ చేతిలో ఉంటుంది. కంగారులో అలవాటుగా నొక్కితే ముందుకు ఎగిరి పడే ప్రమాదముంది. ఖాళీ స్థలంలో పది నిమిషాలు తొక్కి చేతులకు నేర్పిన తరువాతే రోడ్డెక్కండి.

పెట్టె కట్టడం

సైకిలు దుకాణంలో అడిగితే కొత్త సైకిళ్ళు వచ్చే అట్టపెట్టె ఇస్తారు. బయలుదేరడానికి రెండు రోజుల ముందే కట్టండి, ఆ రాత్రి కాదు. కట్టే ముందు మీరే ఒకసారి మొత్తం విప్పి బిగించండి. ఈ పని ఇంకొకరి చేత చేయిస్తే, అక్కడ నేల మీద పరిచిన భాగాల ముందు ఏది ఎక్కడిదో తెలియక నిలబడిపోతారు.

పెడళ్ళు విప్పేటప్పుడు ఎడమ పెడల్ మర తిరగబడి ఉంటుందని మరవకండి. మామూలుగా విప్పే దిక్కున తిప్పితే అది మరింత బిగుసుకుంటుంది. టైర్లలో గాలి కొంత తీసేయండి, పూర్తిగా కాదు. రిమ్ములకు కాస్త మెత్తదనం మిగలాలి. వెనుక గేరు యంత్రాన్ని దాని కొక్కెం నుంచి విప్పి, గుడ్డలో చుట్టి, చట్రం లోపలి వైపు కట్టండి. పెట్టె పక్కకు పడితే మొదట వంగేది ఆ కొక్కెమే. అది ఒక్కో సైకిలుకు ఒక్కో ఆకారంలో ఉంటుంది, అన్ని దుకాణాల్లో దొరకదు. అందుకే అదనంగా ఒకటి కొని సంచిలో వేసుకోండి. బరువు కొన్ని గ్రాములే. డిస్క్ బ్రేకులుంటే చక్రం తీసిన వెంటనే ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ ముక్క పెట్టండి. విప్పిన నట్లూ బోల్టులూ అన్నీ ఒకే చిన్న సంచిలో వేసి, దాన్ని చట్రానికే కట్టేయండి. అట్టపెట్టెకు చిరుగు పడితే విడిగా ఉన్న వస్తువులు దారిలోనే రాలిపోతాయి.

పనిముట్లు పెట్టెలోనే పెట్టండి. పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచిలో ఉండాలి. బ్యాటరీ సైకిలు బ్యాటరీని ప్రయాణికుల విమానంలో అనుమతించరు. పొయ్యికి వాడే గ్యాసు డబ్బా కూడా తీసుకెళ్ళకూడదు. తినే వస్తువుల్లో నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్ళు, తాజా కరివేపాకు వద్దు. పాల పదార్థాలనూ మాంసాన్నీ బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తేనివ్వరు, ఆకులకూ కూరగాయలకూ ప్రత్యేక ధ్రువపత్రం అడుగుతారు. కందిపొడి, కారప్పొడి నిశ్చింతగా పట్టుకెళ్ళవచ్చు. నాలుగో రోజుకు వాటి విలువ తెలుస్తుంది.

ఖరీదైన సైకిలైతే కొన్న రసీదు నకలు వెంట ఉంచుకోండి. మన విమానాశ్రయంలోని కస్టమ్స్ అధికారి దగ్గర, ఈ వస్తువును ఇక్కడి నుంచే తీసుకెళుతున్నారన్న ధ్రువపత్రం తీసుకుంటే తిరిగి వచ్చేటప్పుడు సుంకం గురించి వాదన ఉండదు. దీనికి ఒక గంట అదనంగా కేటాయించుకోండి.

విమానం మారేచోట

హైదరాబాదు నుంచి టూలూజ్‌కు నేరుగా విమానం లేదు. గల్ఫ్ నగరాల్లోనో, ఫ్రాంక్‌ఫర్ట్ వంటి చోటో, పారిస్‌లోనో మారాలి. ప్రయాణమంతా ఒకే టికెట్టు మీద ఉండేలా చూడండి. అప్పుడే పెట్టె చివరిదాకా వెళుతుంది. బయలుదేరేచోట పెట్టెకు అంటించిన చీటీ మీద టూలూజ్ సంకేతం టీఎల్ఎస్ ఉందో లేదో మీరే చదవండి. పారిస్‌లో దిగి, అక్కడి నుంచి రైలులో వెళదామని కొందరు అనుకుంటారు. విప్పిన సైకిలును సంచిలో పెట్టి వేగ రైళ్ళలో తీసుకెళ్ళవచ్చు, నిజమే. సంచి 130 సెంటీమీటర్ల పొడవు, 90 సెంటీమీటర్ల వెడల్పు మించకూడదు. దుకాణం వాళ్ళిచ్చే అట్టపెట్టె సాధారణంగా అంతకంటే పెద్దది. పైగా విమానాశ్రయం నుంచి టూలూజ్ రైళ్ళు బయలుదేరే మోంపర్నాస్ స్టేషను దాకా మెట్ల మీదుగా ఒక్కరే దాన్ని మోయాలి. నా మాట విని ఆ పని పెట్టుకోకండి.

పాస్‌పోర్టు తనిఖీ మీరు షెంగెన్ ప్రాంతంలో అడుగుపెట్టే మొదటి విమానాశ్రయంలోనే జరుగుతుంది. 2025 అక్టోబరు 12న మొదలైన కొత్త పద్ధతిలో ముఖచిత్రం నమోదు చేస్తారు, వీసాకు ఇచ్చిన వేలిముద్రలను సరిచూస్తారు. వరుసలు పొడవుగా ఉంటాయి. విమానాల మధ్య కనీసం మూడు గంటలు ఉంచుకోండి. బసల పత్రాలు, తిరుగు టికెట్టు, బీమా కాగితం మీద ముద్రించి చేతిలో పెట్టుకోండి. ఫోనులో చార్జింగ్ అయిపోయినా కాగితం పనికొస్తుంది.

బ్లాన్యాక్‌లో దిగాక

టూలూజ్ విమానాశ్రయం పేరు బ్లాన్యాక్. సామాను తిరిగే బెల్టు దగ్గర మీ పెట్టె కోసం ఎదురుచూస్తూ నిలబడిపోకండి. పెద్ద సామాను వేరే తలుపు నుంచి వస్తుంది. “బగాజ్ ఓర్ ఫోర్మా” అన్న బోర్డు వెతకండి, కనిపించకపోతే ఆ మాటలే అక్కడి సిబ్బందిని అడగండి. పెట్టె రాగానే అన్ని వైపులా ఫోటోలు తీయండి. చిరిగినా నలిగినా బయటికి వెళ్ళకముందే సామాను ఫిర్యాదుల కౌంటరులో చెప్పి కాగితం తీసుకోండి. సామాను దెబ్బతింటే ఏడు రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలన్నది అంతర్జాతీయ నియమం.

ఇప్పుడు సైకిలు అక్కడే బిగించాలా, బసకు తీసుకెళ్ళాలా? పగలు దిగి, ఒళ్ళు బాగుంటే విమానాశ్రయంలోనే ఒక మూల బిగించుకుని తొక్కుతూ వెళ్ళేవారున్నారు. నేను వద్దంటాను. నిద్రలేని చేతులతో బిగించిన బోల్టును నమ్మలేం. తెలియని ఊరి రద్దీలో, అలవాటు లేని కుడివైపు తొక్కుతూ ఆ బోల్టు మీద ఆధారపడకూడదు. పెద్ద టాక్సీ అడిగి బసకు వెళ్ళిపోండి. ఆ ఖర్చు యాత్రలో అన్నిటికంటే సార్థకమైన ఖర్చు.

బసను మాతాబియో రైల్వే స్టేషను చుట్టుపక్కల తీసుకోండి. స్టేషను తలుపు దాటి రోడ్డు దాటితే ఎదురుగా కనాల్ ద్యు మిదీయే ఉంటుంది. మొదటి రెండు రాత్రులూ, యాత్ర ముగిసి తిరిగొచ్చాక చివరి రాత్రీ ఒకే హోటల్లో తీసుకుంటే, మధ్యలో మీ పెట్టెను దాచిపెట్టమని అడగడానికి వీలుంటుంది. ఈ సంగతి, సైకిలు లోపల పెట్టుకునే చోటుందా అన్న సంగతి ముందే ఈమెయిల్‌లో అడిగి జవాబు తీసుకోండి. “అక్యోయ్ వెలో” గుర్తు ఉన్న బసలు సైకిలు యాత్రికుల కోసమే ఏర్పాట్లు చేసినవి, సైకిలుకు తాళం వేసుకునే చోటు కూడా వాటిలో ఉంటుంది. నగరంలో రాత్రిపూట సైకిలును వీధిలో వదలకండి, ఎంత గట్టి తాళమైనా సరే.

సాయంత్రం: ఒక్కొక్క బోల్టు

స్నానం చేసి, ఏదైనా తిని, అప్పుడు పెట్టె తెరవండి. ఒకే విడతలో పూర్తి చేయండి. పెడళ్ళను ముందు వేలితోనే తిప్పి, మర సరిగ్గా కూర్చున్నదని తెలిశాకే పనిముట్టు పట్టండి. ఒకసారి నేను తొందరలో అడ్డంగా బిగించేశాను. కొంత దూరం పోయాక పెడల్ ఊగడం మొదలైంది, మర అరిగిపోయి ఆ భాగమే మార్చవలసి వచ్చింది. హ్యాండిల్ బిగించాక ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య పట్టుకుని హ్యాండిల్‌ను తిప్పి చూడండి, కదలకూడదు. బ్రేకులు, గేర్లు చూసుకుని, సామాను పెట్టకుండా ఒక చుట్టు తిరిగి రండి.

ఆ చుట్టుకు గారోన్ నది ఒడ్డు బాగుంటుంది. పోన్ నోఫ్ అంటే కొత్త వంతెన అని అర్థం, కానీ ఊళ్ళో మిగిలిన వంతెనల్లో అదే పాతది. 1544లో పని మొదలై 1632లో పూర్తయింది. సాయంత్రపు వెలుగులో ఎర్ర ఇటుక భవనాలు గులాబీ రంగుకు తిరుగుతాయి, అందుకే టూలూజ్‌ను గులాబీ నగరమంటారు. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగుంటుంది, తొందర లేదు. బసకు తిరిగొచ్చి బోల్టులన్నీ మరోసారి బిగించండి.

రోడ్డు మీద కుడివైపు తొక్కాలన్నది అందరికీ తెలిసిన సంగతే. పొరపాటు జరిగేది రద్దీలో కాదు. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద, లేదా దుకాణం ముందు ఆగి మళ్ళీ ఎక్కినప్పుడు, పాత అలవాటు ఎడమకు లాగుతుంది. హ్యాండిల్ ఎడమ పిడికి రంగు దారం కట్టుకోండి. నడిరోడ్డు ఎప్పుడూ ఆ చేతివైపు ఉండాలి. గుర్తులేమీ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవారికే ముందు దారి. రౌండబౌట్లో మాత్రం అప్పటికే తిరుగుతున్న వాహనాలకు దారివ్వాలి. ట్రాము పట్టాలను ఏటవాలుగా కాక అడ్డంగా దాటండి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తొక్కడం నిషిద్ధం, జరిమానా 135 యూరోలు. గంట, ముందు వెనుక దీపాలు తప్పనిసరి. ఊరి బయట చీకట్లో గానీ మసక వెలుగులో గానీ తొక్కితే మెరిసే చొక్కా వేసుకోవాలి. పన్నెండేళ్ళ లోపు పిల్లలకే చట్టం హెల్మెట్ తప్పనిసరి చేసింది, అయినా మీరు పెట్టుకోండి. అత్యవసరానికి 112.

ఉదయం: కాలువ మీదకు

వేసవిలో మన గడియారం అక్కడి గడియారం కంటే మూడున్నర గంటలు ముందుంటుంది. కాబట్టి మొదటి ఉదయం మూడుకో నాలుగుకో మెలకువ వస్తుంది. నిద్ర పట్టలేదని బాధపడకుండా సామాను నెమ్మదిగా సర్దుకోండి. ఏ వస్తువు ఏ సంచిలో పెట్టారో అదే చోట ప్రతి రోజూ పెట్టండి. పాస్‌పోర్టు, ఫోను, డబ్బు ఉన్న చిన్న సంచి సైకిలు దిగగానే మీ ఒంటి మీదకు రావాలి. సైకిలును చూసే మనిషి లేనప్పుడు ఈ ఒక్క అలవాటే మీ తోడు.

ఏడింటికల్లా రొట్టెల దుకాణాలు తెరుస్తారు. లోపలికి అడుగుపెట్టగానే ముందు “బోన్జూర్” అనండి, ఆ తరువాతే కావలసింది అడగండి. ఆ పలకరింపు లేకుండా అడిగితే అక్కడ మర్యాద తప్పినట్టే. మధ్యాహ్నానికి కావలసిన రొట్టె, జున్ను, పండ్లు అప్పుడే కొనేయండి. పల్లెల్లో దుకాణాలు మధ్యాహ్నం మూసేస్తారు, హోటళ్ళలో భోజనం సాధారణంగా పన్నెండు నుంచి రెండు మధ్యనే దొరుకుతుంది. రెండున్నరకు వెళితే వంటగది మూసి ఉంటుంది. శాకాహారులు “సాన్ వియాంద్, సాన్ ప్వాసోన్” అని చెప్పడం నేర్చుకోండి, మాంసం లేకుండా, చేప లేకుండా అని అర్థం. కాస్తెల్నోదారిలో పేరుపొందిన కాసూలే బయటికి చిక్కుడు గింజల కూరలా కనిపిస్తుంది, అందులో పంది, బాతు మాంసాలుంటాయి. నీళ్ళ కోసం పల్లెల శ్మశానవాటికల్లో కుళాయిలుంటాయి, సైకిలు యాత్రికులు అక్కడే నింపుకుంటారు. “నోన్ పొతాబ్ల్” అని రాసి ఉంటే మాత్రం తాగకండి.

బయలుదేరే ముందు గాలి దిక్కు చూడండి. ఇక్కడ వాన కంటే గాలే యాత్రను నిర్ణయిస్తుంది. పడమటి నుంచి వీచే సెర్స్ గాలి మిమ్మల్ని వెనుక నుంచి తోస్తుంది. ఆగ్నేయం నుంచి వచ్చే ఓతాన్ గాలి ఎదురు నిలుస్తుంది, రోజుల తరబడి ఆగదు. ఓతాన్ వీచే రోజున అనుకున్న దూరంలో సగమే పెట్టుకోండి.

స్టేషను ఎదురుగా కాలువ గట్టెక్కి ఆగ్నేయ దిక్కుగా సాగండి. నగరం దాటేదాకా నడిచేవారు, పరిగెత్తేవారు, పనులకు వెళ్ళే సైకిళ్ళు ఉంటాయి. వంతెనల కింద దారి ఇరుకు, గంట కొట్టి నెమ్మదిగా దాటండి. రామోన్‌విల్ అనే శివారు ఊరు దాటాక సందడి తగ్గుతుంది. టూలూజ్ నుంచి సుమారు 50 కిలోమీటర్ల దాకా గట్టు మీద తారు దారి ఉంది. ఆ తరువాత చాలాచోట్ల మట్టి దారి, చెట్ల వేళ్ళు, రాళ్ళు. 35 మిల్లీమీటర్ల వెడల్పుకు తగ్గని టైర్లుంటే ఇబ్బంది పడరు. తారు దారి ముగిసే లోపే సామాను కట్టు ఎలా నిలుస్తుందో తెలుసుకోవాలి, మొదటి రోజు అసలు పని అదే.

గట్టు వెంట ఒకప్పుడు ప్లేన్ అనే జాతి చెట్లు దాదాపు 42,000 ఉండేవి. 2006లో బయటపడిన శిలీంధ్రపు తెగులు వల్ల వేల చెట్లు నరికి, వేరే జాతుల మొక్కలు నాటుతున్నారు. అందువల్ల ఫోటోల్లో కనిపించే పచ్చని సొరంగం కొన్నిచోట్ల ఇప్పుడు లేదు. నీడను నమ్ముకోకుండా టోపీ, పొడుగు చేతుల చొక్కా, రెండు సీసాల నీళ్ళు పెట్టుకోండి.

మోన్‌జిస్కార్ లాకు సుమారు 25 కిలోమీటర్లు. అక్కడ ఆగి పెడళ్ళు, సామాను కమ్మీల బోల్టులు చేత్తో పట్టి చూడండి. కొత్తగా బిగించినవి మొదటి గంటల్లోనే సడలుతాయి. ఓపిక ఉంటే గార్దూష్ దాకా, అంటే దాదాపు 39 కిలోమీటర్లు వెళ్ళండి. పక్కనే విల్‌ఫ్రాన్ష్ ద లోరగే ఊళ్ళో బస, రైల్వే స్టేషను ఉన్నాయి. శరీరం ఇంకా పోగలనంటుంది, అయినా ఆగండి. బసకు చేరి ఇంటికి ఫోను చేయండి. అక్కడ సాయంత్రం ఆరు అంటే మన ఇళ్ళలో రాత్రి తొమ్మిదిన్నర. రోజూ అదే వేళకు చేస్తానని ముందే చెప్పి ఉంచితే, ఏ రోజు ఫోను రాలేదో ఇంట్లోవారికి తెలుస్తుంది. మరుసటి రోజు ఏ ఊరిదాకా వెళతారో, ఏ బసలో ఉంటారో కూడా చెప్పండి.

మర్నాడు ఉదయం ఇంకో 13 కిలోమీటర్లు తొక్కితే నోరూజ్ వస్తుంది. సముద్రమట్టానికి 189 మీటర్ల ఎత్తున ఉన్న ఆ చోటే ఈ కాలువకు శిఖరం. నల్లకొండల మీద పడిన వాననీటిని పిల్లకాలువల్లో ఇక్కడికి మళ్ళించాడు రికే. ఇక్కడికి చేరిన నీరు రెండుగా చీలుతుంది, కొంత మీరు వచ్చిన టూలూజ్ వైపు అట్లాంటిక్‌కు, కొంత మీరు వెళ్ళబోయే మధ్యధరా వైపు. సైకిలును చెట్టుకు ఆనించి, ఆ నీళ్ళ పక్కన కూర్చుని రొట్టె తినండి. ఇక్కడి నుంచి లాకులన్నీ దిగుడే, కాస్తెల్నోదారి ఇంకా 12 కిలోమీటర్లు.